సీతారాం గారి వన్స్ మోర్

శాలిబండ నుంచి అలియాబాద్ వైపు వెళ్లే దారిలో, ఒక గల్లీ మొదట్లో ఉన్న మ్యాచింగ్ సెంటర్ సీతారాంది. తాత టోకున గుడ్డలమ్మాడు, తండ్రి చీరలమ్మాడు. సీతారాం చేతికొచ్చేసరికి చీరల వ్యాపారం పెద్ద షోరూములకు తరలిపోయి, చీరకు అటూ ఇటూ కావలసినవి మిగిలాయి. ఫాల్సు, జాకెట్ ముక్కలు, లోపల వేసే అస్తరు గుడ్డ. పైకి కనబడని గుడ్డ అమ్ముకుని బతికే మనిషినని ఆయనే చెప్పుకుని నవ్వుతాడు. అరవై దాటాక ఆ నవ్వు కొంచెం తగ్గింది.

ఆయనకు పాడటం రాదు, రాయడం రాదు, బొమ్మ గీయమంటే ఆవుకూ మేకకూ తేడా ఉండదు. వచ్చిందల్లా వినడం. అదేం గొప్ప అనుకునేవాళ్లు ఒక్కసారి ఎవరిదైనా కవిత చివరిదాకా విని చూడాలి. చిన్నప్పుడు తండ్రి పక్క మొహల్లాలో జరిగే ముషాయిరాలకు, ఉర్దూ కవుల సభలకు, వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఉర్దూ పూర్తిగా అర్థం కాకముందే ఎక్కడ ‘వాహ్’ అనాలో పిల్లవాడికి పట్టుబడింది. కవి ఒక పాదం చదివి ఆగుతాడు. ఆ ఆగినంతసేపూ అతని ప్రాణం కాస్త గాల్లోనే ఉంటుంది. ముందు వరసలోంచి ఎవరో ‘ముకర్రర్’, అంటే మళ్లీ చెప్పండి, అనగానే ఆ ప్రాణం తిరిగి ఒంట్లోకి వస్తుంది. ఇది చూసిన పిల్లవాడు పెద్దయ్యాక కొట్టులో కూర్చుని అదే పని చేశాడు. ఊళ్లో కళ ఉండీ ధైర్యం లేనివాళ్లందరికీ ఆ కొట్టు గద్దె ఒక మకాం అయింది.

లక్ష్మీకాంత్ పరిచయమైందీ కొట్టులోనే. కృష్ణా జిల్లా నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి సంతోష్‌నగర్‌లో అద్దెకు దిగిన కొత్త కాపురం వాళ్లది. భార్య జాకెట్ ముక్కలు తిరగేస్తుంటే విసుగు పుట్టి, గుమ్మం దగ్గర నిలబడి తనలో తాను ఒక పద్యం ఎత్తుకున్నాడు. వాళ్ల వైపు పౌరాణిక నాటకాల్లో పద్యం చివర రాగం తీస్తారు కదా, ఆ రాగం సన్నగా మొదలై, పైకి లేచి, గల్లీలోకి పోయింది. సీతారాం చేతిలో మీటరు కర్ర ఆగిపోయింది. ‘వాహ్, ముకర్రర్’ అన్నాడు. వచ్చినాయనకు ఆ మాట తెలియదు. మళ్లీ పాడమని అర్థమని చెబితే ఆయన ముఖం విప్పారింది. మా వైపు దీన్నే వన్స్ మోర్ అంటారండీ అని చెప్పి, మళ్లీ పాడాడు. ఆ రోజు ఆ ఇల్లాలు ఏ రంగు ముక్క కొన్నదో ఇద్దరికీ గుర్తు లేదు.

వన్స్ మోర్ సంగతి తర్వాత చాలాసార్లు మాట్లాడుకున్నారు. నాటకంలో అది పడిందంటే పాడినవాడు కాదనకూడదట. కత్తిపోటు తిని చచ్చి పడున్న వేషధారి కూడా లేచి కూర్చుని, పద్యం మళ్లీ పాడి, మర్యాదగా మళ్లీ చచ్చేవాడట. ముషాయిరా మర్యాదా అంతేనని సీతారాం అన్నాడు. ఒకరు పాతబస్తీ, ఒకరు కోస్తా. ఒకరు భాయ్ అంటే ఒకరు ఏమయ్యా అంటారు. కానీ ఇద్దరికీ తెలిసిన మర్యాద ఒక్కటే అయ్యేసరికి స్నేహం గట్టిపడింది. ప్రతి ఆదివారం పొద్దున, బేరాలు మొదలుకాకముందు, లక్ష్మీకాంత్ కొట్టుకు రావడం, పాడటం, ఇద్దరూ ఇరానీ చాయ్ తాగడం, ఇదే ఆనవాయితీ.

లక్ష్మీకాంత్ మంచి గాయకుడే. అయితే మనసు మాత్రం గాజుపెంకు. ఎక్కడైనా పద్యనాటకంలో వేషం వేసి ఇంటికి చేరగానే ఫోన్ చేసేవాడు. రాగం తేలిపోయిందనేవాడు, హార్మోనియం ఆయన మొహం చిట్లించాడనేవాడు, ఇక మానేస్తానయ్యా అనేవాడు. సీతారాం దగ్గర ఈ జబ్బుకు మాటలు సిద్ధంగా ఉండేవి. మెడికల్ షాపువాడు చీటీ చూడకుండానే మాత్ర తీసిచ్చినట్టు, అవతలివాడు చెప్పడం పూర్తికాకముందే ఇచ్చేసేవాడు. ఫికర్ చెయ్యకు భాయ్, నీ గొంతు ఎవ్వరికున్నది చెప్పు, ఆదివారం రా, విందాం. ఆదివారం ఆయన వచ్చేవాడు. పాడేవాడు. ఇవతల నుంచి వాహ్ పడేది. వారం గడిచేది.

ఇట్లా వారాలు గడిపించడమే తన పని అని సీతారాం నమ్మాడు. ఆ నమ్మకానికి కారణం ఉంది. లక్ష్మీకాంత్ పాడుతున్న ఈ ఏళ్లలోనే మరో ఇద్దరు ఆయన చేతుల్లోంచి జారిపోయారు. బసవయ్య డోలక్ వాయించేవాడు. పెళ్లిళ్లకు డీజే పెట్టెలు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గారు. సీతారాం బహదూర్‌పురాలో ఉన్న అతని ఇంటికి ఎన్ని సార్లు వెళ్లి ఎంత చెప్పినా, ఒక రోజు డోలక్ ఎవరికో ఇచ్చేసి ఆటో తోలడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎదురుపడితే హారన్ కొట్టి చెయ్యి ఊపుతాడు. ఉదయశ్రీ బడిలో టీచరు, కవితలు రాసేది. ఆమె చదువుతుంటే సీతారాం అర్థమైనచోట శ్రద్ధగా విన్నాడు, అర్థం కానిచోట ఇంకా శ్రద్ధగా విన్నాడు. రెండో పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోలేదని ఆమె కలం మూసింది. ఇప్పుడు ఫాల్సు కోసం మాత్రమే కొట్టుకు వస్తుంది. ఇద్దరి ఇళ్ల మెట్లూ ఎక్కి ఒకే మాట చెప్పి దిగాడు సీతారాం. అది ఓటమి కాదా అంటే, అవుననే ఆయన లెక్క.

భార్య విమలాదేవికి ఇదంతా వింతగా ఉండేది. “ఊరందరి కళకు అస్తరు కుట్టుడే మీ పనాయె, మన ఇంట్ల చినిగింది ఎవ్వరు కుట్టాలె?” అని ఒకసారి ఎగతాళి చేసింది. సీతారాం నవ్వేసి ఊరుకున్నాడు. అలిసిపోయానన్న మాట ఆమెతో కూడా అనలేదు. కానీ అలిసిపోయాడు. కొట్టులో బేరాలు పల్చబడ్డాయి, మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఆదివారం పొద్దున షట్టర్ ఎత్తేటప్పుడు ఇంకొక గంట పడుకుంటే బాగుండునని అనిపించేది. అట్లా అనిపించినందుకు తనను తానే తిట్టుకునేవాడు. ఉన్న ఒక్కడినీ పోగొట్టుకుంటావా అని.

పైగా రెండేళ్లుగా ఆయన ఒక సంగతి లోపల దాచుకుని తిరుగుతున్నాడు. లక్ష్మీకాంత్ గొంతు జారుతోంది. కింది స్థాయిలో పాత తీపి అట్లాగే ఉంది. రాగం పైకి వెళ్లి నిలవాల్సినచోట మాత్రం నిలవడం లేదు, అంచు దగ్గర వణికి పక్కకు ఒరుగుతోంది. ఇన్నేళ్లు విన్న చెవికి అది తెలియకుండా ఉంటుందా? మొదటిసారి తెలిసిన ఆదివారం ఆయన వాహ్ మరింత గట్టిగా అన్నాడు. అప్పటినుంచి గొంతు తగ్గినకొద్దీ వాహ్ పెరుగుతూ వచ్చింది. నిజం చెబితే లక్ష్మీకాంత్ మళ్లీ పాడడని ఆయన భయం. ఆ భయంతోనే ప్రతి వారం అబద్ధం ఆడాడు. అబద్ధం ఆడటం పాట పాడటం కంటే కష్టమైన పని, నమ్మండి.

ఈ ఏడు ఉగాది సాయంత్రం సంతోష్‌నగర్‌లో ఒక కమ్యూనిటీ హాలులో పద్యనాటక సభ పెట్టారు. లక్ష్మీకాంత్‌ది రాజు వేషం, ఒక్క రంగం. ఉదయం ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పుకుంటానయ్యా అన్నాడు. సీతారాం అలవాటు మాత్ర ఇచ్చాడు. సాయంత్రం ఆటోలో వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు.

హాలు సగం ఖాళీ. ఉన్నవాళ్లలో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. లక్ష్మీకాంత్ కిరీటం పెట్టుకుని వచ్చి పద్యం ఎత్తుకున్నాడు. రాగాన్ని పైకి తీసుకెళ్లాడు. పట్టుకోలేకపోతున్నాడని సీతారాంకు తెలుస్తూనే ఉంది. హార్మోనియం ఆయన తెలివిగా స్వరం పెంచి కప్పేశాడు. ఎట్లాగో గట్టెక్కి, దించి, ముగించాడు. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఎవరూ చప్పట్లు కూడా కొట్టలేదు.

వేదిక మీద కిరీటం కింద ఆ ముఖం చప్పట్ల కోసం చూస్తోంది. ఆ చూపు సీతారాం భరించలేకపోయాడు. ఆలోచించడానికి వ్యవధి లేదు, నోరు దానంతట అదే తెరుచుకుంది. “వన్స్ మోర్” అని హాలంతా వినబడేలా అరిచాడు.

అరిచిన మరుక్షణం తప్పు తెలిసింది. పడిన వన్స్ మోర్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. లక్ష్మీకాంత్ ఆయన వైపు చూశాడు. కోపంగా కాదు. బరువు దించుకుంటున్న హమాలీకి ఇంకొక మూట చూపించినప్పుడు చూసే చూపు అది. మర్యాద మర్యాదే కాబట్టి చేతులు జోడించి మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి రాగం సగంలోనే గొంతు చీలింది. హార్మోనియం ఎంత గట్టిగా మోగినా కప్పలేనంతగా చీలింది. వెనక వరసల్లో పిల్లలు నవ్వారు. ఒకరిద్దరు పెద్దలు కూడా నవ్వారు. లక్ష్మీకాంత్ మిగతా పద్యాన్ని మాటల్లా అప్పజెప్పి, నమస్కారం పెట్టి, లోపలికి వెళ్లిపోయాడు. సీతారాం తెర వెనక్కి వెళ్లేసరికే ఆయన ఇంటికి బయలుదేరాడని చెప్పారు.

తర్వాతి ఆదివారం లక్ష్మీకాంత్ రాలేదు. ఆ పైవారమూ రాలేదు. ఫోన్ చేస్తే కోడలు స్రవ్య ఎత్తింది. మావయ్యగారు పడుకున్నారని చెప్పింది. కిరీటం పాపకు ఆడుకోమని ఇచ్చేశారండీ అని కూడా చెప్పింది. సీతారాం ఫోన్ పెట్టేశాడు. మూడోవాడు కూడా పోయాడు, పైగా ఈసారి తోసింది తనే.

ఒక మధ్యాహ్నం కొట్టు విమలాదేవికి అప్పగించి సంతోష్‌నగర్ వెళ్లాడు. దారి పొడుగునా ఆటోలో మాటలు కూడబెట్టుకున్నాడు. గొంతు ఒకరోజు ఉంటది ఒకరోజు ఉండదు, నవ్వినోళ్లకు పాటంటే ఏం తెలుసు, నీలాంటోడు ఆపితే ఎట్ల. బసవయ్య ఇంటి ముందు అన్నవీ ఇవే, ఉదయశ్రీ ఇంట్లో అన్నవీ ఇవే. రెండో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కుతుంటే మోకాళ్లు మొరాయించాయి. తలుపు దగ్గరికి చేరేసరికి ఆ మాటల్లో ఒక్కటీ నాలుక మీద మిగల్లేదు.

లక్ష్మీకాంత్ బాల్కనీలో కుర్చీలో ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. పక్కనే నేల మీద మనవరాలు కిరీటాన్ని తిరగేసి అందులో బొమ్మల గిన్నెలు సర్దుకుంటోంది. స్రవ్య మంచినీళ్లు ఇచ్చి పాపను లోపలికి తీసుకెళ్లింది. ధైర్యం చెప్పాల్సిన మనిషి తనే అని సీతారాంకు తెలుసు. కానీ కడుపులో ఉన్నదే బయటికి వచ్చింది.

“మస్తు అలసిపోయిన కాంత్ భాయ్,” అన్నాడు. “నీ గొంతు రెండేండ్ల సంది జారుతున్నది. నాకు ఎరుకనే. చెప్తే ఆపేస్తవని చెప్పలే. ఆ రోజు కూడ నిన్ను నిలబెట్టాలనే అరిచిన. పడగొట్టిన.”

అని తల వంచుకున్నాడు. అవతలి నుంచి కోపమో ఏడుపో వస్తుందనుకున్నాడు. రెండూ రాలేదు. లక్ష్మీకాంత్ మెల్లగా, అలిసిన గొంతుతో అడిగాడు.

“నాకు తెలియదనుకున్నావా ఏమయ్యా? నా గొంతు నాకు తెలియదూ? రిటైరైన ఏడాదే మానేద్దామనుకున్నాను. కానీ ఆదివారం నువ్వు గద్దె దులిపి, చాయ్ చెప్పి, అంత ఆశగా కూర్చునేవాడివి. బసవయ్య డోలక్ వదిలేశాడు, ఉదయశ్రీ గారు మానేశారు, నేనూ మానేస్తే నువ్వేమైపోతావోనని పాడాను.”

సీతారాంకు మొదట వచ్చింది కోపం. ఇన్ని ఆదివారాలు మోకాళ్లు ఈడ్చుకుంటూ షట్టర్ ఎత్తింది దేనికి? అబద్ధాలాడి నోరు చేదెక్కింది ఎవరి కోసం? ఆ మాట ముందే చెప్పొద్దా అని గట్టిగానే అడిగాడు.

“నువ్వు చెప్పనిచ్చావా?” అన్నాడు లక్ష్మీకాంత్. “మానేస్తానన్నప్పుడల్లా అది దిగులనుకున్నావు. చాలాసార్లు దిగులే, కాదనను. నువ్వు లేకపోతే నలభయ్యో ఏటే ఆపేసేవాణ్ణి, అదీ నిజమే. కానీ ఈమధ్య అన్నది దిగులు కాదయ్యా. నిజంగా మానేద్దామనే అన్నాను. నువ్వు వినలేదు.”

ఆ చివరి మాట సీతారాంకు సూటిగా తగిలింది. జీవితమంతా తనకు వచ్చిన పని ఒక్కటే, వినడం. ఆ ఒక్కటీ చేయలేదని ఆ పని గురించి బాగా తెలిసినవాడే చెబుతున్నాడు. బసవయ్య గుర్తొచ్చాడు. ఆటో తోలుకుంటూ చెయ్యి ఊపేటప్పుడు అతని ముఖంలో ఎప్పుడూ బాధ కనిపించలేదు, తనే ఉందని ఊహించుకున్నాడు. ఉదయశ్రీ ఫాల్సు కొనేటప్పుడు ఎంత తేలిగ్గా నవ్వుతుందో కూడా గుర్తొచ్చింది. వీళ్లను పోగొట్టుకున్నానని లోపల శోకాలు పెట్టుకున్నది తను ఒక్కడే. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే, ఎవరో భుజం మీది మూట ఎత్తి కింద పెట్టినట్టు ఊపిరి ఆడింది. రెండూ ఒకేసారి ఎట్లా వచ్చాయో ఆయనకే తెలియదు. కళ్లు తుడుచుకున్నాడు. లక్ష్మీకాంత్ చూడనట్టు బాల్కనీలోంచి రోడ్డు వైపు తిరిగాడు.

“అట్లయితే ఇగ పాడకు భాయ్,” అన్నాడు సీతారాం. ముప్పై ఏళ్లలో ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. లక్ష్మీకాంత్ సరేనని తలూపాడు. స్రవ్య కాఫీ తెచ్చింది. తాగి, మోకాళ్లకు ఏ నూనె మంచిదో కాసేపు మాట్లాడుకుని, సీతారాం మెట్లు దిగాడు.

ఇక ఆదివారం పొద్దున పడుకోవచ్చు. అట్లాగే అనుకుని పడుకున్నాడు కూడా. నిద్ర పట్టలేదు. అలవాటు చొప్పున షట్టర్ ఎత్తడానికి వెళ్లేసరికి లక్ష్మీకాంత్ మెట్టు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఇతను ఎందుకు వచ్చాడో సీతారాంకు అర్థం కాలేదు. పాట లేదు కదా. చాయ్ తాగారు. లక్ష్మీకాంత్ అస్తరు తానులు మడత పెట్టడంలో సాయం చేశాడు, సరిగా చేయలేదు, సీతారాం మళ్లీ మడత పెట్టుకున్నాడు. తర్వాతి వారమూ అంతే. నీటి పైపు పగిలిన సంగతి, మనవరాలి బడి సంగతి, అవే కబుర్లు. పాట లేకపోయినా ఈ మనిషి వస్తున్నాడన్నది సీతారాంకు కొత్త. ఇన్నేళ్లూ ఇతను వాహ్ కోసం వస్తున్నాడని అనుకున్నాడు మరి.

వేసవి ముదిరాక ఒక ఆదివారం, ఆశ్రిత అనే అమ్మాయి పెళ్లి చీర జాకెట్‌కు అస్తరు కోసం పెందలాడే వచ్చింది. కొట్టు ట్యూబులైటు కింద రంగు సరిగా తెలియదని, సీతారాం ముక్క తీసుకుని ఆమెతో పాటు గల్లీలోకి ఎండలోకి వచ్చాడు. చీర అంచు పక్కన ముక్క పెట్టి చూస్తుండగా లోపలి నుంచి వినబడింది. లక్ష్మీకాంత్ తానులు మడత పెడుతూ పద్యం పాడుకుంటున్నాడు. బాగా కింది స్థాయిలో, రాగం లేకుండా, ఎవరికీ వినిపించాలని కాకుండా. అక్కడక్కడా మాట మరచిపోయి మూలుగుతో నింపుతున్నాడు. ఆ గొంతులో పాత తీపి ఉంది, వయసూ ఉంది.

సీతారాం నాలుక చివరిదాకా వచ్చింది వాహ్. మింగాడు. లోపలికి వెళితే ఆ పాట ఆగిపోతుంది, లేదంటే తన కోసం పెరుగుతుంది. అందుకని వెళ్లలేదు. ముక్కను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రంగు కలిసింది కదా అంకుల్, ఎండ మండుతోంది అని ఆ అమ్మాయి అన్నది. ఒక్క నిమిషం బేటా, మంచిగ చూసి ఇస్తా అన్నాడు. నెత్తి మాడుతుంటే అట్లాగే నిలబడి పద్యం అయ్యేదాకా విన్నాడు. జీవితంలో ఇంత కష్టపడి ఎప్పుడూ వినలేదు.

బేరం అయింది, అమ్మాయి వెళ్లింది. సీతారాం వచ్చి గద్దె మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. లక్ష్మీకాంత్ చేతిలో అస్తరు తాను మడత సగంలో ఉంది.

“విన్నావా?” అని అడిగాడు.

“విన్న.”

“మరి ఏమీ అనలేదే?”

“అనాల్నా భాయ్?”

లక్ష్మీకాంత్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, మొహమాటానికి కాదు.

“వద్దులేవయ్యా,” అని ఆ తానును మడత పెట్టుకున్నాడు.